మందలేని కాపరికుక్క

పనికై తీర్చిదిద్దబడిన జంతువును పని లేకుండ పోషించుట దయ యని తలచుట నేటి పట్టణవాసుల భ్రమలలో నొకటి. ఎద్దు విషయమున నీ భ్రమ యెవ్వరికిని కలుగదు. ఎద్దును పరుపుమీద పరుండబెట్టి ముద్దుసేయువారిని మనము చూచియుండలేదు. కుక్క విషయముననే యిది ప్రబలియున్నది. ఇందువలని కష్టము కుక్క కెట్టిదో, దానిని పెంచు కుటుంబమున కెట్టిదో తెలియవలెనన్నచో, ఫ్రాన్సుదేశపు గొఱ్ఱెలకుక్కలలో ప్రసిద్ధికెక్కిన బ్రియార్ జాతిని పరిశీలించిన చాలును. ముంగురులు కన్నులపై వ్రాలి, గడ్డము మీసములతో వృద్ధతాపసునివలె కూర్చుండు నా కుక్క పటమును చూచి ముచ్చటపడనివాడు లేడు. ముచ్చటపడి యింటికి తెచ్చుకొనినవారిలో కొందఱు ఏడాది తిరుగకమునుపే, ఇది మాట వినదనియు, పిల్లలను త్రోయుచున్నదనియు, అతిథిని చూచి గుఱ్ఱుమనుచున్నదనియు మొఱపెట్టుకొందురు. ఈ మూడు నేరములును తరతరములుగా మనుష్యుడే దానికి నేర్పిన విద్యలని వారెఱుగరు.

బ్రీ యనునది ప్యారిసు నగరమునకు తూర్పుదిక్కున, మార్న్, సేన్ నదుల పరిసరముల వ్యాపించిన సమతలప్రదేశము. అచ్చటి చీజువలన నా పేరు లోకమంతటను తెలిసినదిగాని, ఆ నేల ముఖ్యముగ గోధుమ పండు నేల. పొలమునకును పొలమునకును నడుమ కంచెలు తక్కువ. కోతలైన పిదప కొయ్యకాళ్ళలో రాలిన గింజలను, నడుమ మొలచిన పచ్చికను మేయుటకు మందలను తోలుచుండెడివారు. ఆ ప్రక్కనే యొకని కోయని చేను, ఆవలిప్రక్క నింకొకని లేత పైరు. గొఱ్ఱె యొకటి హద్దు దాటెనా, సాయంకాలమునకు తగవు సిద్ధము. వందలకొలది గొఱ్ఱెలను ఇరుకైన పొలపుముక్కలో నిలుపుట కాపరి యొక్కనికి శక్యము గాదు. కావున కుక్కయే కంచె యయ్యెను. ప్రొద్దుటినుండి సందెవఱకు అది హద్దువెంబడి నిటు నటు పరుగిడుచు, తల యెత్తి పైరువైపు చూచిన గొఱ్ఱెను వెనుకకు మఱలించుచుండును. కాపరి కఱ్ఱపై గడ్డ మానించి నిలుచుండవచ్చును. కుక్కకు మాత్రము విరామము లేదు.

స్కాట్లండు సరిహద్దు కొండలలోని కోలీ కుక్క పని వేఱు. అది దూరమున చెదరియున్న గొఱ్ఱెలను కూడగట్టి కాపరి పాదములయొద్దకు తెచ్చును. అడుగడుగునకును కాపరి యీలకు చెవి యొగ్గియుండును. బ్రీ కుక్కకు ఈలకొఱకు కాచియుండు తీఱికయే లేదు. మంద యీ చివరను కాపరియు, ఆ చివరను కుక్కయు నున్నప్పుడు, ఏ గొఱ్ఱె దాటబోవుచున్నదో, దానిని ఎంత గట్టిగా అదలింపవలెనో కుక్కయే నిర్ణయించుకొనవలెను. దీనికితోడు తోడేళ్ళ బెడద గల కాలమున మందను కాపాడు భారముకూడ దానిదే. కాపలాయు, మందతోలుటయు నొకే కుక్కయం దిట్లు చేరినవి. స్వతంత్రముగా యోచించుట దీని స్వభావమున నున్నదనిన ఆశ్చర్యమేమి? దానినే పట్టణమున మొండితన మందురు. మందనుండి వెలికి పోజూచు గొఱ్ఱెపిల్లను తలతో నెట్టుట దాని వృత్తి; గొఱ్ఱెపిల్లలు లేనియింట నది మనుష్యుల పిల్లలను నెట్టును.

ఈ కుక్క పేరును గూర్చి ఫ్రెంచివారొక కథ చెప్పుకొందురు. ఐదవ చార్లెసు రాజు కాలమున ఓబ్రీ ద మోందిదియే యను వీరుని మకేర్ అనువా డడవిలో రహస్యముగ చంపి పూడ్చెననియు, చచ్చినవాని కుక్క ఆ సమాధిని విడువక, పిమ్మట హంతకుని చూచినప్పుడెల్ల మీదికి దుముకుచుండెననియు, రాజు సంశయించి 1371లో ప్యారిసునందు కుక్కకును మకేరునకును ద్వంద్వయుద్ధ మేర్పఱచెననియు, కుక్క వాని గొంతు పట్టగా వాడు నేర మొప్పుకొని ఉరిదీయబడెననియు కథ. ఓబ్రీ కుక్క యనుమాటయే కాలక్రమమున బ్రీ కుక్క యయ్యెనని కొందఱందురు. కథ రసవంతముగనే యున్నది. కాని యీ కథయే ఐదవ చార్లెసుకు నూఱేండ్లకు పైబడిన పూర్వము పదుమూడవ శతాబ్దిలోనే ఫ్రెంచి వీరగాథలలో పాడబడుచుండెను.  ప్రతి జాతికుక్కకును ఒక రాజసభను తగిలింపవలెనను చాపల్యము కుక్కల ప్రేమికులకు కలదు. బ్రియార్‌కు రాజుల యవసరము లేదు. దాని కులీనత యంతయు గోధుమపొలపు గట్టుమీదనే యున్నది.

వ్రాతమూలకమైన ఆధారములు ఇంతకంటె నిరాడంబరములు. అమెరికా నాయకుడు థామస్ జెఫర్సన్ 1789లో ఫ్రాన్సునుండి స్వదేశమునకు మఱలునప్పుడు ఓడయెక్కుటకు ముందు చూలుతోనున్న గొఱ్ఱెలకుక్క నొకదానిని కొనెను. దాని సంతతి వర్జీనియాలోని ఆయన కమతములయందు మందలు కాచెను. అది నేటి బ్రియార్‌యే యని బ్రియార్‌వాదులు గట్టిగా జెప్పుదురు. ఆ కాలమున జాతుల విభజనమే తేలియుండలేదు గనుక మేము తొందరపడము. బ్రీ కుక్క యను పేరు 1809 నాటి ఫ్రెంచి వ్యవసాయగ్రంథమునందు గానవచ్చుచున్నది. 1863లో ప్యారిసున కుక్కల ప్రదర్శనము జరిగిన పిమ్మట గొఱ్ఱెలకుక్కలపై పెద్దమనుష్యుల దృష్టి పడెను. 1896లో నిపుణులు కూడి, పొడుగువెండ్రుకల దానిని బ్రీ కుక్క యనియు, పొట్టివెండ్రుకల దానిని, షార్త్ర్ పట్టణప్రాంతమందలి బోస్ మైదానము పేర, బోస్ కుక్క యనియు వేఱుపఱచిరి. నేడు బోస్రోన్ అనబడు నల్లని కుక్క యీ రెండవది, రెండును దాయాదులు. 1909లో బ్రియార్ మిత్రుల సంఘము స్థాపింపబడెను. దాని రూపమునకు లక్షణశాస్త్రమును కలదు.

ఆ శాస్త్రము ప్రకారము మగకుక్క భుజమువద్ద 62 మొదలు 68 సెంటీమీటర్లు, ఆడుది 56 మొదలు 64 సెంటీమీటర్లు ఎత్తుండవలెను. దేహము ఎత్తుకంటె కొంచెము పొడుగు. రంగు నలుపుగాని, గోధుమవన్నెగాని, బూడిదవన్నెగాని కావలెను, తెలుపు పనికిరాదు. తోక చివర కొక్కెమువలె వంగియుండును. వెనుక కాళ్ళకు నేల కంటని వ్రేళ్ళు రెండేసి యుండితీరవలెను. ఇది దీనికిని, బోస్రోన్‌కును గల విచిత్రచిహ్నము. ఒక్కటే యున్న కుక్క యెంత చక్కనిదైనను ప్రదర్శనమున త్రోసివేయబడును. వీనివలన పనిలో లాభమేమని యడిగిన కాపరుల నమ్మకములే ప్రత్యుత్తరముగ వచ్చును. ఇక వెండ్రుకలు మేకవెండ్రుకలవలె పొడిగను, బిరుసుగను ఉండవలెననియు, 7 సెంటీమీటర్లకు తక్కువ కారాదనియు నియమము. బిరుసు వెండ్రుకకు బురద యంటుకొనదు, అంటిన దెండి రాలిపోవును; క్రింది నూగు చలిని ఆపును. కాపరి కోరిన గుణ మిదియే. శాస్త్రకారులు ఎంతకు తగ్గరాదో చెప్పిరిగాని ఎంతకు మించరాదో చెప్పలేదు. అందుచే ప్రదర్శనశాలలలో వెండ్రుక నేలను ఊడ్చు చీరకుచ్చెళ్ళవలె పెరుగజొచ్చెను. అట్టి కుక్కను ముండ్లచేనిలో నొక్కపూట తిప్పినయెడల దాని యలంకార మేమగునో చూడదగియుండును.

చెవుల సంగతియు నిట్టిదే. తోడేలు పంటికి చిక్కకుండుటకై పూర్వము చెవులు కోసి నిక్కించుచుండిరి. తోడేళ్ళు పోయిన పిదపను అందము పేర కోత సాగెను. పెంపుడు జంతువుల రక్షణకై 1987లో ఐరోపారాజ్యములు స్ట్రాస్‌బర్గులో చేసికొనిన ఒడంబడిక చెవికోతను నిషేధించెను. ఫ్రాన్సును దాని నంగీకరించినది. వ్రేలాడు చెవులతో పుట్టిన కుక్క వ్రేలాడు చెవులతోనే తిరుగుట నేడు కన్నులకు అలవాటైనది.

1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధమున ఫ్రెంచిసైన్య మీ కుక్కలను చేర్చుకొనెను. తుపాకి ధ్వనులనడుమ వార్తలు మోయుట, కావలి కాయుట, చీకటిలో పడియున్న క్షతగాత్రులను వెదకి వైద్యబృందమునకు చూపుట వీని పనులు. చెప్పకయే చేయవలసినది గ్రహించు గుణము పొలముగట్టుమీద నెట్లో కందకములలోను అట్లే యుపయోగపడినది. ఆ యుద్ధమున నెన్నో కుక్కలు చచ్చెను. తమ వివాదము గానిదానికొఱకు చచ్చినవారి లెక్కలో వానినిగూడ చేర్చవలసియున్నది.

ఇక నిట్టి కుక్కను పెంచు విధము. దీని జ్ఞాపకశక్తి మెండు. మంచియు మఱవదు, చెడ్డయు మఱవదు. కఱ్ఱతో కొట్టి నేర్పజూచిన యజమానుని అది భయపడి వినుట లేదు, నమ్మకము వదలుకొనును. పోయిన నమ్మకము మఱల తెచ్చుకొనుట దుర్ఘటము. అట్లని గారాబము చేసి విడిచినను కుదరదు. ఇంటిలో యజమాను డెవ్వడును లేడని తోచిన నిమిషమున అధికారమును తానే చేపట్టును. ఒక మాట చెప్పిన నది నెఱవేఱువఱకు ఓపికతో నిలుచువాడే దీనికి తగినవాడు. పూర్ణముగా మనసు కుదురుటకు రెండు మూడేండ్లు పట్టును. క్రొత్తవారియెడ శంక దీనికి సహజము గనుక, పిల్లగానున్ననాడే సంతకు, వీధికి, బండ్లరొదకు, గొడుగుపట్టిన ముసలివానికి, పరుగిడు పిల్లవానికి దీనిని పరిచయము చేయవలెను. మొదటి నాలుగైదు మాసములలో నాలుగు గోడలనడుమ దాచి పెంచిన కుక్క పెద్దదైన పిమ్మట ప్రపంచము నంతటిని తోడేలనుకొనును. ఇంటివారియెడ దీనికి గల ప్రేమనుగూర్చి యెంత చెప్పినను అతిశయోక్తి కాదు. అది యొక గదిలో నొకరిని, ఇంకొక గదిలో నింకొకరిని చూచివచ్చి, అందఱును కనబడు గడపయందు పరుండును. మంద లెక్క సరిపోయినదని దానికి తృప్తి.

దినమునకు గంట రెండుగంటలు దీనిచేత శ్రమ చేయింపవలయును. పెరటిలో వదలితిమనిన చాలదు. కుక్క యొంటరిగా పెరటిలో వ్యాయామము చేయదు, గోతులు త్రవ్వును. నడకతోపాటు బుద్ధికిని పని కావలెను: దాచినవస్తువును వెదకుట, బరువు మోయుట, వాసనబట్టి త్రోవ కనుగొనుట, వీలున్నచోట నిజమైన గొఱ్ఱెలవెంట తిరుగుట. ప్రొద్దుట ఎనిమిది గంటలకు తాళమువేసి పోయి రాత్రి యెనిమిదింటికి వచ్చు దంపతులకు ఈ కుక్క తగదు. అట్టివారు చిలుకపలుకుల గడియారమును కొనుట మేలు.

వెండ్రుకలను గూర్చి విపులముగ చెప్పవలెను. ఏలన జనులు మోసపోవునది యిచ్చటనే. వారమునకు రెండు మూడు పర్యాయములు, అన్నియు కలిపి రెండు మూడు గంటలకు తక్కువ గాకుండ దువ్వవలెను. పైపైన దువ్విన పైవెండ్రుక నిగనిగలాడుచుండగా క్రింది నూగు చర్మము నంటి జడకట్టును. ఆ జడ తడిసిన ఎండదు. దాని క్రింద చర్మము పుండగును, పిడుదులు చేరును. కావున కుక్కను ప్రక్కకు పరుండబెట్టి, ఒకచేత వెండ్రుకను పాయ తీసి, చర్మము కనబడునట్లు వరుసవరుసగా దువ్వుకొని పోవలెను. చెవుల వెనుకను, చంకలయందును, తొడలనడుమను, గడ్డము క్రిందను చిక్కులు మొదట పుట్టును. పసివెండ్రుక పోయి పెద్దవెండ్రుక వచ్చు దినములలో, మొదటి యేటి చివరనుండి కొన్ని మాసములు, చిక్కు ప్రతిదినమును పుట్టును. పెంచువా రనేకులు విసిగి కత్తెర పట్టుట అప్పుడే. ఎనిమిది వారముల పిల్లకే దువ్వెన నలవాటు చేసినచో పిదప నది బల్లపై నిద్రపోవుచు దువ్వించుకొనును. నలుబది కిలోల పెద్దకుక్కకు క్రొత్తగా నలవాటు చేయుట మల్లయుద్ధము. నేల కంటని యా జంటవ్రేళ్ళ గోళ్ళు నడకలో అరగవు. కత్తిరింపక మఱచినయెడల గుండ్రముగా పెరిగి తిరిగివచ్చి మాంసమునందే దిగును. పొడుగువెండ్రుకలలో దాగియుండుటచే కుక్క కుంటువఱకు నెవ్వరికిని తెలియదు. నెలకు రెండుసారులైన తడవి చూడవలెను. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు మన పట్టణములకు దీనిని తెప్పించుకొనవలెనని యెవనికైన బుద్ధిపుట్టినచో, వెండ్రుకల చొక్కా తొడిగిన యీ చలిదేశపు జంతువు మధ్యాహ్నమెట్లు గడపునో ముందుగా నాలోచించుకొనుట మంచిది.

లోతైన ఱొమ్ముగల పెద్దకుక్కల కన్నింటికిని గల ప్రమాదము దీనికిని కలదు: కడుపు గాలితో నుబ్బి మెలిపడుట. వాంతి వచ్చునట్లు ఓకిళ్ళుపెట్టి ఏమియు రాకపోవుట, పొట్ట బిగియుట, నిలువలేక తిరుగాడుట గనబడిన తక్షణమే పశువైద్యుని యొద్దకు పోవలెను. తెల్లవారనిమ్మని కూర్చున్నచో కుక్క దక్కదు. దినమునకొకసారి గంపెడు తిండి పెట్టుటకంటె రెండు మూడుసారులుగా పంచి పెట్టుటయు, తినిన వెంటనే పరుగు పెట్టింపకుండుటయు క్షేమకరము. తుంటికీలు గుంటలో సరిగ కుదురని లోపముగూడ ఈ జాతియం దున్నది. తల్లిదండ్రుల తుంట్లకు ఎక్సురే తీసి చూచిన పిమ్మటనే పిల్లలను పెట్టించుట ధర్మము.

అన్నింటికంటె విచిత్రమైనది కంటిజబ్బు. పుట్టుకతోనే చీకటిలో చూపులేని బ్రియార్ కుక్కలను గూర్చి స్వీడన్ పండితులు 1989లో ప్రకటించిరి. ఆర్పీఈ65 అను జన్యువునందు నాలుగక్షరము లెగిరిపోవుటయే కారణమని పిదప తేలినది. కంటివెనుకపొరయం దుండు ఈ జన్యువు, వెలుతురు తగిలి మాఱిన విటమిన్-ఎ సంబంధ పదార్థమును తిరిగి పనికివచ్చునట్లు చేయు ఎంజైమును పుట్టించును. అది లేనిచో దీపములో వత్తి యుండియు చమురు లేనట్లగును. తల్లిదండ్రు లిద్దఱును పైకి ఆరోగ్యముగ నుండి లోపలనీ దోషమును దాచుకొనినచో, సగటున పిల్లలలో నాల్గవవంతు చూపులేనివి పుట్టును. ఇదే జన్యువు చెడిన మనుష్యశిశువులును లోకమునందున్నారు. అమెరికా విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు హాని చేయని సూక్ష్మక్రిమిపై మంచి జన్యువు నెక్కించి, లాన్సెలాట్ అను బ్రియార్ సంకరపు కుక్క కంటిలోనికి ఎక్కించిరి. గోడలకు కొట్టుకొనుచుండిన కుక్క త్రోవ చూచుకొని నడిచెను. 2001లో నీ ఫలితమును ప్రకటించిరి. 2007లో మనుష్యులయందు పరీక్షలు మొదలై, 2017 డిసెంబరులో లక్స్టర్నా యను పేర ఆ చికిత్స అమెరికాలో అనుమతింపబడెను. ఒక గొఱ్ఱెలకుక్క గ్రుడ్డితనమువలన పిల్లలకు చూపు వచ్చెను. అయితే 2018 జనవరిలో ప్రకటించిన ధర కన్నొకటికి 4,25,000 డాలర్లు! కుక్క తన కన్నులను ధర్మముగనే యిచ్చినది. అంగడి పెట్టినవారు మనుష్యులు. ఈ విషయమై పత్రికలు ఇంకను గట్టిగ వ్రాయవలసియుండగా, కుక్క కథనే ముద్దుగ వ్రాసి యూరకున్నవి.

ఈ కంటిదోషమునకు నేడు రక్తపరీక్ష కలదు. స్వల్పవ్యయముతో దాచియున్న దోషమును తెలిసికొని, రెండు దోషులకు జతకట్టకుండిన చాలును, ఒక్క పిల్లయు గ్రుడ్డిదిగ పుట్టదు. ఇంత సుకరమైన పనిని చేయక, దువ్వెనకు నూనెకు వేలు వెచ్చించు పెంపకందారు కుక్కను ప్రేమించుచున్నానని చెప్పుకొనుట వింతగ నున్నది. ప్రదర్శనమున బహుమాన మిచ్చు న్యాయాధిపతు లీ పరీక్షాపత్రమును ముందుగ చూడగోరుటయు, వెండ్రుకతోపాటు గొఱ్ఱెలయెదుట దాని నడవడినిగూడ లెక్కించుటయు నవశ్యకము. ఫ్రాన్సున గొఱ్ఱెలయెడ సహజమైన పుట్టువాసన కుక్కయం దున్నదో లేదో చూచు పరీక్షలు ఎన్నో దినములుగా జరుగుచున్నవి. దూరమునుండి వాని నడుగుచు పోవువారు తక్కువ.

కొనదలచువారికి మేము చెప్పున దింతే. పిల్లను చూడకమునుపు దాని తల్లిని చూడుడు. క్రొత్తవానిని చూచి తల్లి దూరముగ నిలిచి పరికించి పిదప దగ్గఱకు వచ్చినచో మంచిదే. వణకి మూల దాగినను, కారణము లేక మీద పడినను ఆ యింట కొనవలదు. కంటిపరీక్ష, తుంటిపరీక్షల పత్రముల నడుగుడు. ఇంటిలో నెవ్వరు దువ్వుదురో, ఎవ్వరు వానలోనైనను త్రిప్పుకొని వత్తురో పది పండ్రెండేండ్లకు పేరుపేరున నిర్ణయించుకొనుడు. పిల్లలు దువ్వుదురని పెద్దలు చెప్పుకొను ఇంట దువ్వెన మూడవ వారమునుండి కనబడదు. ఎనిమిది వారములు నిండకమునుపే పిల్లను తల్లినుండి వేఱుచేసి అమ్మజూపువానియొద్ద, పత్రములెన్ని చూపినను, కొనకుడు.